జుట్టుకు చిటికి

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనన్నారు పెద్దలు. జుట్టు రాలిపోతున్న అమ్మ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె గోడు వినేది పత్రికల్లో ప్రకటనలు వేసేవాళ్ళే కాబోలు.

మా పోచంపల్లిలో ఒక మగ్గం ఇంటి అమ్మాయికి తలమీద రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిపోయింది. నాయనమ్మ పేనుకొరుకుడని మందారాకు నూరి పట్టించింది. కొన్నాళ్ళకు రెండో మచ్చ వచ్చింది. పెళ్ళిచూపుల వయసు! పట్నంలో ఒక దుకాణంవారు (ఆసుపత్రి అనడానికి నాకు నోరు రాదు) ఆర్.ఎన్.ఏ. చికిత్స, ఎక్సోసోము సూదులు అని చెప్పి, తండ్రి రెండు నెలలు నేస్తే వచ్చేంత సొమ్ము అడిగారట. ఆయన ఆ కాగితం పట్టుకుని, "సారూ, గిదేందో జర చెప్పున్రి" అంటూ వచ్చాడు. నేను చెప్పేది తెలుగు పాఠం. అయినా పంతులుకు రానిది ఉంటుందంటే మా ఊళ్ళో ఒప్పుకోరు!

ఆయన పనిలోంచే చెప్పాను. డి.ఎన్.ఏ. అంటే పెట్టెలో దాచిన డిజైను కాగితం. ఆర్.ఎన్.ఏ. దాని నకలు. నకలు చూసి కణం మాంసకృత్తులు నేస్తుంది. అయితే మనిషి డి.ఎన్.ఏ.లో మాంసకృత్తుల డిజైను నూటికి రెండు పాళ్ళయినా లేదు. మిగిలినదాన్ని చాలాకాలం చెత్త అన్నారు. 1993లో ఆంబ్రోస్, రువ్‌కున్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక బుల్లి పురుగులో విచిత్రం చూశారు. ఏ మాంసకృత్తికీ డిజైను కాని చిన్న ఆర్.ఎన్.ఏ. తునక పోయి నకలుకు అతుక్కుంటుంది. అక్కడ నేత ఆగిపోతుంది. నూలుకు చిటికి కట్టిన చోట రంగు ఎక్కదు చూడండి, అలాగన్నమాట. ఇందుకు 2024లో వారికి నోబెల్ బహుమతి ఇచ్చారు. చిటికి అనగానే ఆయనకు సగం బోధపడింది.

వెంట్రుక కుదురు కొన్నాళ్ళు పెంచుతుంది, కొన్నాళ్ళు నిద్రపోతుంది. ఈ వంతులు నడపడంలో ఆ తునకలకూ చెయ్యి ఉంది. ఎక్సోసోములంటే కణాలు వదిలే అతి చిన్న తిత్తులు. తునకలు వాటిలో ప్రయాణం చేస్తాయి. 2020లో నార్త్ కరోలినావారు అలాంటి తిత్తులతో బొచ్చు మొలిపించారు. 2023లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంవారు మైక్రో ఆర్.ఎన్.ఏ.-205ను పెంచి ముసలివాటికి కూడా మొలిపించారు. ఎవరికంటారా? ఎలుకలకు! సూదులమ్మేవాళ్ళు ఆ ఒక్క మాట మింగేస్తారు. అమెరికా మందుల శాఖ ఇంతవరకు ఏ ఎక్సోసోము సరుకునూ ఆమోదించలేదు. అలాగని ఈ విద్య ఉత్తది కాదు. ఇలా నకలును ఆపే మందుకు 2018లో ఒక నరాల జబ్బు విషయంలో అక్కడే ఆమోదం దొరికింది. బట్టతల వంతు ఇంకా రాలేదు, అంతే.

ఆయన సొమ్ము కట్టలేదు. అమ్మాయిని చర్మవైద్యుడికి చూపించాడు. పేనుకొరుకుడులో పేను తప్పేమీ లేదట. ఒంటిని కాపాడవలసిన బలగమే వెంట్రుక కుదురు మీద పడుతుంది. కుదురు చావదు గనుక, ఒకటి రెండు మచ్చలైతే చాలామందికి ఏడాదిలోపు తనంతట తానే మొలుస్తుంది. త్వరపడేవారికి మచ్చలోనే స్టెరాయిడు సూది వేస్తారు.

మామూలు బట్టతల వేరు. దానికి మినాక్సిడిల్ ఉంది. రక్తపోటు మందుగా పుట్టి 1988లో తలకెక్కింది. 1997లో ఫినాస్టరైడు వచ్చింది. అది మగవారికే, గర్భిణులు తాకరాదు. రెండూ మానేస్తే జుట్టు మళ్ళీ రాలుతుంది. పేనుకొరుకుడు తలంతా పాకినవారికి 2022లో అమెరికాలో బారిసిటినిబ్ మాత్రలను ఆమోదించారు. అవి మింగేవారికి అంటురోగాల భయం ఉంది గనుక, మొదలుపెట్టేముందు క్షయ ఉన్నదేమో పరీక్ష చేయించాలి.