వైద్యునకు చట్టమిచ్చు రక్ష

కాన్పునందు గాని శస్త్రచికిత్సయందు గాని ఇంటిమనిషి ప్రాణము విడిచినపుడు, దుఃఖావేశమున బంధువులు వైద్యుని చెఱసాలకు బంపింపవలెనని పోలీసు ఠాణాకు పోవుట మనము వినుచునే యున్నాము. ఆ దుఃఖమును మేము తక్కువ చేయము. కాని చికిత్స ఫలింపకుండుట వేఱు. వైద్యుడు నేరము చేయుట వేఱు.

దోషమును బట్టియే దండమను నీతి మన పూర్వులకును గలదు. చికిత్సలో తప్పు చేసిన వైద్యునకు మనుస్మృతి ధనదండమును విధించినది. ప్రాణాపాయకరమగు వ్యాధిని ముందుగా తెలుపక చికిత్స చేయగా రోగి మరణించినచో ఒక దండమును, చికిత్సాదోషముననే మరణించినచో అంతకు హెచ్చు దండమును కౌటిల్యుడు చెప్పెను.

నేటి న్యాయస్థానమును ఇట్టి భేదమునే పాటించినది. 1995లో లూధియానాలోని యొక వైద్యశాలలో, ఊపిరాడని రోగికి అమర్చిన ఆక్సిజను సిలిండరు ఖాళీగా నుండుటచే ఆయన మరణించెనని కుమారుడు వైద్యులపై ఫిర్యాదు చేసెను. 2005 ఆగస్టు 5వ తేదీన సుప్రీంకోర్టు, వైద్యశాల పరిహార మీయవలసి రావచ్చును గాని యిందు వైద్యుని నేరస్థునిగా విచారింపరాదని తీర్పు చెప్పెను. సామాన్యమైన పొరపాటు నేరము కాదు. ఘోరమైన అజాగ్రత్త యుండవలెను. విచారణాధికారి ముందుగా మఱియొక వైద్యుని, వీలైనంతవఱకు ప్రభుత్వవైద్యుని, అభిప్రాయమును గైకొనవలెను. ఫిర్యాదు వచ్చినంతమాత్రమున వైద్యుని నిర్బంధింపరాదు. వడకు చేయి శస్త్రమును నడపజాలదని న్యాయమూర్తులు హెచ్చరించిరి. నిజమే, వైద్యుడు భయపడి క్లిష్టమైన కాన్పును ముట్టక దూరనగరమునకు బంపినచో, దారిలో ప్రాణము గోల్పోవునది మన యాడుబిడ్డయే కదా!

ఇది దోషిని దాచు తెర కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను ప్రకారము, అజాగ్రత్తచే మరణము కలిగించినవారికి ఐదేండ్ల వఱకు శిక్ష గలదు. చికిత్స చేయుచుండగా అట్లు జరిగినచో రిజిష్టరు అయిన వైద్యునకు రెండేండ్ల వఱకు కారాగారమును, జరిమానాయు గలవు. అర్హత లేని నాటువైద్యున కీ తగ్గింపు లేదు.

సొమ్ము పుచ్చుకొని చేసిన వైద్యమున లోపమున్నచో, రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనులో పరిహారమును గోరవచ్చును. చికిత్సాపత్రముల నకళ్లను అడిగిన 72 గంటలలో వైద్యులు ఈయవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమములు చెప్పుచున్నవి. కావున సోదరీమణులారా, ఆపద వచ్చినపుడు కేకలకంటె ముందుగా ఆ కాగితములను అడుగుడు. తప్పున్నచో అవియే పలుకును; లేనిచో నిర్దోషియగు వైద్యుని మనము హింసింపకుందుము.