నాన్న చేతిలో హ్యాండ్ బ్లెండర్

సంక్రాంతి అయిన పది రోజులకి అమ్మ బాత్రూం గుమ్మం దగ్గర జారి పడింది. కుడి మణికట్టు ఎముక విరిగింది, ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. నేను హైదరాబాద్‌లో, వాళ్ళిద్దరూ తెనాలిలో. ఫోన్‌లో అమ్మ మొదట చెప్పింది నొప్పి గురించి కాదు. "మీ నాన్నకి మజ్జిగ కలుపుకోవడం కూడా రాదే. ఏం తింటారో ఏమో" అంది.

అబద్ధం కాదు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నాన్న వంటింట్లోకి వెళ్ళింది మంచినీళ్ళ కోసమే. వారం వర్క్ ఫ్రం హోం అడిగి తెనాలి బస్సెక్కాను. బ్యాగులో లాప్‌టాప్ పక్కన నా హ్యాండ్ బ్లెండర్ కూడా పెట్టుకున్నా. ఎందుకంటే మిక్సీ జార్‌ని తిప్పి బిగించాలన్నా, మూత నొక్కి పట్టుకోవాలన్నా రెండు చేతులూ కావాలి. అమ్మకి ఉన్నది ఒకటే. అదీ ఎడమది.

ఇది నా రెండో బ్లెండర్. మొదటిదాని కథ కూడా చెప్పాలి, మీ డబ్బులైనా మిగులుతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫర్‌లో 900 రూపాయలకి వస్తోందని ఒకటి కొన్నా. 200 వాట్లు, ప్లాస్టిక్ కాలు. మజ్జిగ, మిల్క్‌షేక్ బ్రహ్మాండంగా చేసింది. దాంతో ధైర్యం వచ్చి ఒక ఆదివారం కొబ్బరి పచ్చడి మొదలెట్టా. కొబ్బరి ముక్కలు నలగట్లేదని బటన్ మీద వేలు తీయకుండా మూడు నిమిషాలు నొక్కాను. ముందు వేడెక్కింది, తర్వాత వాసన, తర్వాత నిశ్శబ్దం. తప్పు మెషీన్‌ది కాదు, నాదే. హ్యాండ్ బ్లెండర్ మోటారు చిన్నది, ఆపకుండా తిరగడానికి తయారైంది కాదు. దాని ఒంటి మీద స్పెసిఫికేషన్లు రాసి ఉన్నచోట చూడండి. చాలావాటికి 'కేబీ 1 మినిట్' అని ఉంటుంది. కుర్జ్‌బెట్రీబ్ అనే జర్మన్ మాటకి అది పొట్టి పేరు. ఒక్క నిమిషం నడిపి, ఆపి, చల్లారనివ్వాలని దానర్థం. నేను అది చదివింది మోటారు కాలిపోయాక.

అన్నట్టు, ఈ వస్తువు మనం అనుకున్నంత కొత్తదేం కాదు. స్విట్జర్లాండ్‌లో రోజర్ పెరిన్‌జాకే అనే ఆయన 1950లోనే దీనికి పేటెంట్ తీసుకున్నారు. పేరు బామిక్స్. గిలక్కొట్టడం, కలపడం అనే రెండు ఫ్రెంచ్ మాటలు అతికించి పెట్టిన పేరు. ఆ రెండు పనులే దీని అసలు ఉద్యోగం. పప్పు నానబోసి రుబ్బే పని దానికెవరూ అప్పగించలేదు. ఇడ్లీ పిండి, దోసె పిండి, కందిపొడి, కారప్పొడి... ఇవన్నీ మిక్సీకీ గ్రైండర్‌కీ వదిలెయ్యండి. 'ఆల్ ఇన్ వన్' అని డబ్బా మీద రాసినంత మాత్రాన మీ ఇంట్లో మిక్సీని అమ్మేయకండి.

సరే, తెనాలి. మొదటి రోజు టొమాటో చారు. ఉడికిన టొమాటోలు స్టవ్ మీంచి దించి, అదే గిన్నెలో బ్లెండర్ పెట్టి పది సెకన్లు తిప్పా. నాన్న గుమ్మంలో నిలబడి చూశారు. "అంతేనా?" అన్నారు. అంతే. ఇదే పని మిక్సీలో చేయబోయి ఒకసారి ఫ్లాట్‌లో మోచెయ్యి కాల్చుకున్నా. వేడి వేడి టొమాటోలు జార్‌లో పోసి మూత బిగిస్తే, తిప్పగానే ఆవిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మూత పైకి లేస్తుంది, గోడ మీదా మన మీదా చారు. బ్లెండర్‌కి మూత గొడవే లేదు. కాకపోతే వేడివాటిలో పెట్టాలంటే కాలు స్టీల్‌ది అయ్యుండాలి. రెండో బ్లెండర్ కొనేటప్పుడు నేను మొదట చూసింది అదే.

రెండో రోజు నాన్న "నేను చేస్తా" అన్నారు. పాలకూర పప్పు. ఉడికిన పప్పులో బ్లెండర్ దించి, ఉత్సాహం కొద్దీ అర నిమిషం తిప్పారు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏవండీ, ఇది పప్పా, సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురా?" అంది. నాన్న మొహం చిన్నబోయింది. ఆ పూట ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అమ్మకి చెయ్యి నొప్పి, ఆయనకి మాట నొప్పి. నాకు మధ్యాహ్నం మీటింగ్.

పప్పుకి బ్లెండర్ వాడితే ఒక్కో సెకను చొప్పున రెండు నొక్కులు, అంతకంటే వద్దు. పప్పు పప్పులా ఉండాలంటే ఇప్పటికీ పప్పుగుత్తే మేలని నా అభిప్రాయం. బంగాళాదుంపలైతే అసలు ముట్టుకోవద్దు. బ్లేడు వాటిలోని పిండి పదార్థాన్ని బయటికి లాగేసి బంక చేస్తుంది. ఇంకో సంగతి, కుక్కర్‌లోనూ నాన్‌స్టిక్ గిన్నెలోనూ డైరెక్ట్‌గా పెట్టకండి, గీతలు పడతాయి. లోతుగా, సన్నగా ఉండే స్టీల్ గిన్నె మంచిది. తల మునిగాకే బటన్ నొక్కాలి, బటన్ వదిలాకే పైకి తీయాలి. ఇది తిరగబడితే ఏమవుతుందో మా వంటింటి కిటికీ కర్టెన్‌ని అడగండి.

నాలుగో రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

నాన్న అల్లం పచ్చడికి అల్లం వేసి తిప్పారు. అల్లం పీచు బ్లేడుకి చుట్టుకుని ఆగిపోయింది. నేను హాల్లో కాల్‌లో ఉన్నా. ఆయన బ్లెండర్ తిరగేసి, కుడిచేత్తో బటన్ దగ్గరే పట్టుకుని, ఎడమ చూపుడు వేలితో పీచు లాగుతున్నారు. ప్లగ్ బోర్డులోనే ఉంది. స్విచ్ ఆన్‌లోనే ఉంది. బొటనవేలు బటన్ మీదే ఉంది. అమ్మ అరిచిన అరుపుకి నేను హెడ్‌ఫోన్స్ విసిరేసి పరిగెత్తా. నేను వెళ్ళేసరికి ఎడమ చేత్తో అమ్మ ప్లగ్ లాగేసి ఉంది. కట్టున్న చెయ్యి గట్టుకి తగిలినట్టుంది, కళ్ళల్లో నీళ్ళు. నాన్న వేలికి ఏం కాలేదు. మెల్లగా బ్లెండర్ గట్టు మీద పెట్టి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు.

మిక్సీకి జార్ సరిగ్గా కూర్చుంటేనే తిరిగే ఏర్పాటు చాలా మోడల్స్‌లో ఉంటుంది. ఇక్కడ బ్లేడుకీ మన వేలికీ మధ్య ఉన్నది ఆ చిన్న గిన్నెలాంటి అంచు ఒక్కటే, నొక్కితే చాలు తిరుగుతుంది. అందుకే ఏదైనా ఇరుక్కుంటే ముందు ప్లగ్ తీయాలి, తర్వాత కాలు ఊడదీయాలి, అప్పుడు చెంచా వెనకభాగంతో తీయాలి. చార్జింగ్‌తో నడిచేవి వచ్చాయి కదా, వాటికి తీయడానికి ప్లగ్ కూడా లేదు. కాలు ఊడదీయడం ఒక్కటే దారి. నేను ఈసారి ఎవరికైనా బ్లెండర్ కొనమని చెబితే, కాలు ఊడి వచ్చేదే కొనమంటా. కడగడం కూడా తేలిక. మోటారు ఉన్న పైభాగాన్ని మాత్రం కుళాయి కింద పెట్టొద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మర్నాటి నుంచి నాన్న తనకు తానే ఒక రూల్ పెట్టుకున్నారు. కడిగేటప్పుడు ప్లగ్ తీసి, ఆ వైరు తువ్వాలులా భుజం మీద వేసుకుంటారు. ప్లగ్ గుండెల మీద వేలాడుతూ కనిపిస్తేనే అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక కొనేవాళ్ళకి. నాకు తెలిసింది ఇది. చారు, మజ్జిగ, రాగి జావలో ఉండలు, బజ్జీ పిండి, ఆమ్లెట్ వరకే అయితే 300 వాట్లు చాలు. పచ్చళ్ళు కూడా చేయాలంటే మూతున్న చాపర్ గిన్నె ఇచ్చే మోడల్, 600 వాట్ల పైన ఉన్నది చూడండి. నా రెండోది అదే, 2,400 అయింది. చాపర్‌లో దోసకాయ పచ్చడి రోట్లో దంచినట్టే కచ్చాపచ్చాగా వస్తుంది, ఇందులో మాత్రం మిక్సీ కంటే ఇదే నయం. ఐఎస్ఐ గుర్తు, మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉందా లేదా అన్నవి రివ్యూల కంటే ముందు చూడాల్సినవి. వీలైతే షాపుకెళ్ళి చేత్తో పట్టుకుని చూడండి. వాడినంతసేపూ బటన్ నొక్కి ఉంచాలి, బరువు మొత్తం మణికట్టు మీదే పడుతుంది. నాది అమ్మ ఎడమ చేతికి బరువైపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళ కోసం కొంటుంటే వాట్ల కంటే ముందు బరువు చూడమనేది అందుకే.

బ్లెండర్ తెనాలిలోనే వదిలేసి వచ్చా. కట్టు విప్పి చాలా రోజులైంది, ఫిజియోథెరపీ కూడా అయిపోయింది. పోయిన ఆదివారం వీడియో కాల్ చేస్తే అమ్మ ఫ్రిజ్‌లోంచి వారం రోజుల మీగడ తీసి గట్టు మీద పెడుతోంది. "ఏవండీ, ఆ చిలికే పుల్ల ఎక్కడ పెట్టారు? వెన్న నేను తీస్తాలెండి" అంటోంది. నాన్న ఫోన్ వైపు చూడను కూడా లేదు. చల్లటి నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని, గిన్నె తన ముందుకి లాక్కుని, "నువ్వు కూర్చో. ముప్పై సెకన్లకోసారి ఆపాలి, నీకు తెలీదు" అన్నారు.