లెక్కలోకి వచ్చిన చిన్న పత్రికలు

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లని కదిపి చూడండి. ఇండియన్ షాపులో గోంగూర నుంచి ఇడ్లీ రవ్వ దాకా ఏమేం దొరుకుతాయో గడగడా చెప్పేస్తారు. ఆ షాపు గుమ్మం పక్కన ఊరికే పట్టుకుపొమ్మని పెట్టే పేపర్ల సంగతి అడిగితే మాత్రం, ‘ఆఁ... అన్నీ ప్రకటనలేగా!’ అని పెదవి విరుస్తారు. ఆ మాటా అబద్ధం కాదు. వీసా లాయర్లు, నగల దుకాణాలు, పెళ్లి సంబంధాలు, గుళ్లో కల్యాణాలు... వీటి సందుల్లోంచి వార్తలు వెతుక్కోవాలి.

కొరియా వాళ్ల షాపుకెళితే అక్కడ కొరియన్ పేపరు ఉంటుంది. వియత్నాం వాళ్ల దగ్గర వియత్నమీస్ రేడియో మోగుతుంటుంది. మెక్సికో నుంచి వచ్చినవాళ్లకి స్పానిష్ పత్రికలు, టీవీలు. తరతరాలుగా అక్కడే ఉన్న నల్లజాతివారికి వాళ్ల పత్రికలు. వీటన్నిటికీ కలిపి అక్కడ పెట్టుకున్న పేరు ‘ఎత్నిక్ మీడియా’. అంటే ఒక్కో జాతి, ఒక్కో వర్గం తన కోసం తాను నడుపుకునే పత్రికలు, రేడియోలు, చానళ్లు అన్నమాట.

ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. నల్లజాతివారి తొలి పత్రిక ‘ఫ్రీడమ్స్ జర్నల్’ 1827లోనే న్యూయార్క్‌లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1854 నాటికే చైనీస్ పత్రిక ఉంది. లాస్ ఏంజిలెస్‌లో స్పానిష్ దినపత్రిక ‘లా ఒపీనియన్’ 1926లో మొదలైంది. మనవాళ్లూ తక్కువ తినలేదు. తెల్లదొరల గుండెల్లో నిద్రపోయిన ‘గదర్’ పత్రిక 1913లో అచ్చయింది ఆ శాన్‌ఫ్రాన్సిస్కోలోనే. చదువుకోవడానికి అమెరికా వెళ్లి గదర్ పార్టీలో చేరిన మన దరిశి చెంచయ్య ‘నేనూ నా దేశం’ చదివినవాళ్లకి ఆ రోజులు బాగానే తెలుసు.

ఇంత చరిత్ర ఉన్నా, 1990ల దాకా ఈ పత్రికల పరిస్థితి ఎవరికి వారే యమునా తీరే. పక్క వీధిలోని చైనీస్ పత్రిక ఏం రాస్తోందో స్పానిష్ పత్రికకి తెలియదు. ఈ రెండూ ఏం రాస్తున్నాయో ఇంగ్లిష్ పత్రికలకి అసలే పట్టదు. మేయరుగారి సమావేశానికి పిలుపు రాదు. పెద్ద కంపెనీ ప్రకటన రాదు. ‘మీ పత్రిక ఎంతమంది చదువుతారు?’ అని ప్రకటనల ఏజెన్సీ అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. చదివేవాళ్లు లేక కాదు, వాళ్లని లెక్కపెట్టినవాళ్లు లేక.

ఆ సమయంలో కాలిఫోర్నియాలో వలస వచ్చినవాళ్ల గురించి పెద్ద రగడే నడుస్తోంది. సరైన కాగితాలు లేనివారికి బడి, ఆస్పత్రి వంటి సర్కారు సేవలు ఆపేయాలన్న ప్రతిపాదన మీద 1994లో ఓటింగ్ పెడితే జనం ‘సరే’ అన్నారు (తరవాత కోర్టు దాన్ని అమలు కానివ్వలేదు). ఆ పిల్లల గురించి ఊరంతా మాట్లాడుతోంది. ఆ పిల్లల తల్లిదండ్రులు చదివే పత్రికల్లో ఏముందో మాత్రం ఎవరూ చూడటం లేదు.

శాండీ క్లోజ్ అనే ఆవిడ చూశారు. వియత్నాం యుద్ధ కాలంలో, 1969లో పుట్టిన ‘పసిఫిక్ న్యూస్ సర్వీస్’ అనే చిన్న వార్తాసంస్థని నడుపుతుండేవారు ఆమె. 1996లో ఈ చిన్న పత్రికల సంపాదకుల్ని ఒకచోట కూర్చోబెట్టి ‘న్యూ కాలిఫోర్నియా మీడియా’ పేరుతో ఒక సంఘం పెట్టారు. అది పెరిగి పెద్దదై, దేశమంతా విస్తరించి ‘న్యూ అమెరికా మీడియా’ అయింది.

సంఘం అనగానే మనకి అధ్యక్షుడు, కార్యదర్శి, శాలువాలు, దండలు గుర్తొస్తాయి. ఈ సంఘం ముందుగా చేసిన పనులు మాత్రం గుమాస్తా పనుల్లాంటివి. ఎక్కడ ఏ భాషలో ఏ పత్రిక వస్తోందో, దాని చిరునామా ఏమిటో వెతికి డైరెక్టరీ తయారుచేయడం. వాటిలో వచ్చిన మంచి కథనాల్ని ఇంగ్లిష్‌లోకి తేవడం, ఒకరి వార్త మరొకరికి అందించడం. ఆరోగ్యం, చదువు, వలస చట్టాలు... వీటి మీద అధికారుల్ని, నిపుణుల్ని పిలిపించి ఈ విలేకరుల ముందు కూర్చోబెట్టడం. ఏడాదికోసారి మంచి రచనలకి బహుమతులివ్వడం.

అన్నిటికన్నా ముఖ్యమైన పని లెక్క. ఈ పత్రికల్ని ఎంతమంది చదువుతున్నారో తేల్చడానికి 2005లో పెద్ద సర్వే చేయించారు. ఇంగ్లిష్‌లో ఫోన్ చేసి అడిగితే ఇంగ్లిష్ వచ్చినవాళ్లే జవాబిస్తారు కాబట్టి, ఎవరి భాషలో వారిని అడిగారు. తేలిందేమిటి? దేశంలో 5.1 కోట్ల మంది పెద్దవాళ్లు ఎత్నిక్ మీడియాని చూస్తున్నారు, వింటున్నారు, చదువుతున్నారు. అంటే దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు! వారిలో 2.9 కోట్ల మందికి మొదటి చూపు దాని మీదే. ఇంగ్లిష్ పేపరూ ఇంగ్లిష్ టీవీ ఆ తరవాతే.

ఆ అంకె పట్టుకుని వెళ్తే తలుపులు తెరుచుకున్నాయి. జనాభా లెక్కల సంగతే తీసుకోండి. అమెరికాలో జనాభాని బట్టి నియోజకవర్గాలు, సర్కారు నిధులు మారిపోతాయి. లెక్కలో చేరడానికి భయపడేవాళ్లు ఎక్కువగా వలస వచ్చినవాళ్లే. ‘ఎవరో తలుపు కొట్టి పేర్లు అడుగుతున్నారు, చెబితే ఏమవుతుందో’ అని వాళ్ల బెంగ. జనాభా లెక్కల కోసం డబ్బిచ్చి ప్రకటనలు వేయించడం 2000లో మొదలుపెట్టారు. 2010 నాటికి 28 భాషల్లో ప్రకటనలు వచ్చాయి. ఇంగ్లిష్‌లో కాగితం పంపితే చెత్తబుట్టలో పడేసేవాళ్లు కూడా తమ పత్రికలో చదివితే నమ్ముతారని సర్కారుకి అర్థమైంది.

ఆ నమ్మకం ప్రాణాలకి ఎంత అవసరమో 2005 ఆగస్టు చివర్లో కత్రినా తుపాను చూపించింది. న్యూ ఆర్లీన్స్ మునిగిపోతుంటే అక్కడి వియత్నాం కుటుంబాలు కార్లలో హ్యూస్టన్ దారి పట్టాయి. ముసలివాళ్లకి ఇంగ్లిష్ రాదు. ఎక్కడికెళ్లాలో తెలియదు. హ్యూస్టన్‌లోని వియత్నమీస్ రేడియో ‘హాంకాంగ్ సిటీ మాల్ దగ్గరికి రండి’ అని చెప్పింది. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడికి చేరారు. ఊళ్లో వియత్నాం కుటుంబాల వాళ్లు అక్కడికే వచ్చి, ముక్కూ మొహం తెలియనివాళ్లని ఇళ్లకి తీసుకెళ్లారు.

ఇలాంటి పత్రికలకి మరో పని కూడా ఉంది. మనవాళ్లని మనవాళ్లే మోసం చేస్తుంటే బయటపెట్టడం. అది తుపాను కన్నా కష్టం. స్పానిష్ మాట్లాడేవాళ్లని ఏళ్ల తరబడి పీడించిన ఓ మోసం చూడండి. లాటిన్ అమెరికా దేశాల్లో ‘నొటారియో’ అంటే పెద్ద లాయరు. అమెరికాలో నోటరీ అంటే సంతకానికి సాక్షి, అంతే. బోర్డు మీద ‘నొటారియో’ అని రాసుకుని, గ్రీన్‌కార్డు ఇప్పిస్తామని డబ్బు గుంజి, తప్పుడు దరఖాస్తులు పెట్టి కుటుంబాల్ని నట్టేట ముంచినవాళ్లు ఎందరో. ఈ కిటుకు విప్పిచెప్పగలిగేది ఆ భాష పత్రికే. కానీ వీధి చివరి వ్యాపారి ఇచ్చే ప్రకటనతోనే బతికే పత్రిక, ఆ వ్యాపారి గురించి ఎలా రాస్తుంది? సర్కారు ప్రకటనలు, పెద్ద కంపెనీల ప్రకటనలు వస్తేనే దానికి కాస్త ధైర్యం. సంఘం అంకెలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది అందుకే.

ధైర్యానికి ఖరీదు కూడా ఉంటుంది. చాన్సీ బెయిలీ కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో నల్లజాతివారి పత్రిక ‘ఓక్లండ్ పోస్ట్’ సంపాదకుడు. అదే వర్గం వాళ్లు నడిపే, ఊళ్లో ఎంతో పేరున్న ఒక బేకరీ ఆర్థిక లొసుగుల మీద వార్త రాస్తున్నారు. 2007 ఆగస్టు 2న పొద్దున్నే నడుచుకుంటూ ఆఫీసుకి వెళ్తుంటే నడివీధిలో కాల్చి చంపారు. పత్రిక చిన్నది, విలేకరి పోయాడు, వార్తా పోతుందనుకున్నారు. పోలేదు. న్యూ అమెరికా మీడియా, పరిశోధక జర్నలిస్టుల సంస్థలు, ఇంగ్లిష్ పత్రికలు చేతులు కలిపి, ఆయన పేరుతోనే ఒక బృందంగా ఏర్పడి, ఆయన వదిలేసిన చోటి నుంచి తవ్వడం మొదలుపెట్టాయి. పోలీసుల దర్యాప్తులోని లోపాల్నీ బయటపెట్టాయి. కాల్చినవాడితో కథ ముగిసిపోకుండా, చంపించిన బేకరీ యజమానికి 2011లో యావజ్జీవ శిక్ష పడేదాకా వెంటపడ్డాయి. ఒంటరి పత్రికకి అది అయ్యే పని కాదు.

ఇంత చేసిన సంఘం కథ సుఖాంతమేమీ కాలేదు. సొంత ఆదాయం తక్కువ, దాతృత్వ సంస్థల గ్రాంట్ల మీదే నడక. 2017 నవంబరుతో న్యూ అమెరికా మీడియా మూతపడింది. పెద్దావిడ శాండీ క్లోజ్ ఊరుకోలేదు. ‘ఎత్నిక్ మీడియా సర్వీసెస్’ పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. కోవిడ్ వచ్చినప్పుడు డాక్టర్లనీ, అధికారుల్నీ ఆన్‌లైన్‌లో ఈ విలేకరుల ముందు కూర్చోబెట్టింది ఆ కొత్త సంస్థే. పత్రికలకీ కష్టకాలమే. 1970లో న్యూయార్క్‌లో మొదలై మనవాళ్ల ఇళ్లలో అర్ధ శతాబ్దం తిరిగిన ‘ఇండియా అబ్రాడ్’ 2020లో అచ్చు ఆపేసింది.

ఇక మన సంగతికొద్దాం. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2010లో 2.2 లక్షల పైచిలుకు. 2017 నాటికి 4 లక్షలు దాటారు. ఆ దేశంలో అంత వేగంగా పెరిగిన పెద్ద భాష మరోటి లేదని అప్పట్లో మన పేపర్లన్నీ మొదటి పేజీల్లో రాశాయి. తానాకి పత్రిక ఉంది, ఆటాకి ‘అమెరికా భారతి’ ఉంది. సాహిత్యానికి 1998 నుంచీ ‘ఈమాట’ ఉంది. వెబ్‌సైట్లు, చానళ్లు సరేసరి. సభలు జరిగితే వేలల్లో జనం, సినిమా తారలు, బంతి భోజనాలు.

అయితే 2011 జనవరి గుర్తుందా? న్యూ అమెరికా మీడియా ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోకి కూతవేటు దూరంలో, ప్లెజంటన్ అనే ఊళ్లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. 1,500 మందికి పైగా విద్యార్థులు. వారిలో అత్యధికులు మన ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకి రేడియో కాలర్లు కట్టారు. ఫీజు కడితే చాలు, ఎక్కడున్నా వీసా కాగితాలు ఇచ్చేసే బడి అది. దాని యజమానురాలికి 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. మళ్లీ 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఈసారి ఆ యూనివర్సిటీనే అధికారులు వల పన్ని పెట్టారు. పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులోనూ తెలుగువాళ్లే ఎక్కువ. పిల్లల్ని చేర్చి కమీషన్లు తిన్నారని కేసు పెట్టిన ఎనిమిది మందీ మనవాళ్లే.

ఈ పిల్లలకి ఆ యూనివర్సిటీల పేరు చెప్పిందెవరు? సీనియర్, రూమ్మేటు, ఊరివాడు. ‘మనోడే చెప్పాడు’ అన్న ఒక్క మాట మీద లక్షలు కట్టేశారు. అక్కడికి వెళ్లి, తరగతి గది ఉందా, పాఠం చెప్పేవాళ్లున్నారా అని తలుపు తట్టి చూసి, తెలుగులో నాలుగు ముక్కలు రాసే విలేకరి ఒక్కడు ముందే ఉంటే కొన్ని ఇళ్లలోనైనా ఆ కన్నీళ్లు ఉండేవి కావేమో. సభల సావనీరులో అలాంటి వార్త రాదు. దాని పని అభినందనలు చెప్పడం. ప్రశ్నించే పని పత్రికది. దానికి జీతం కావాలి, అండ కావాలి, పక్కనున్న స్పానిష్, చైనీస్ విలేకరులతో చెలిమి కావాలి.

ఈ వారం మీ అబ్బాయో, అమ్మాయో ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా, చలిగా ఉందా’తో పాటు ఇంకో మాట అడగండి. ‘మీ ఊళ్లో మనవాళ్ల పేపరేదైనా వస్తోందా? అందులో ఏం రాశారు?’ అని. పెదవి విరిచే ముందు దాన్ని ఒకసారి తిరగేయమనండి. బాగాలేకపోతే బాగాలేదని ఆ సంపాదకుడికి ఉత్తరం రాయమనండి. బాగుంటే చందా కట్టమనండి. ఏడాది చందా ఎంతైనా, ఒక దొంగ యూనివర్సిటీ ఫీజు కన్నా తక్కువే.