సీటు వచ్చినది సరే, చోటేది?



ఏటా ఫలితాలు వెలువడగానే మన సంఘాలవారు సభలు జరిపి, మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పి, జ్ఞాపికలు ఇస్తారు. సభ ముగిసిన తరువాత ఆ పిల్లల తల్లిదండ్రులు ఉపాధ్యాయుని పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటున్నది. "సీటు వస్తుందంటున్నారు సరే, పిల్ల అక్కడ ఎక్కడ ఉంటుంది, మాస్టారూ?" ఈ ప్రశ్నకు మన వద్ద సమాధానం లేదు. దానిని వెదకడం మన పని అని కూడా మనం అనుకోవడం లేదు. అదే నా ఫిర్యాదు.

నిరాశ్రయులనగానే మనకు కాలిబాటపై పడుకున్న మనిషి గుర్తుకు వస్తాడు. విద్యార్థి నిరాశ్రయత అంత తేలికగా కంటికి కనబడదు. దూరపు బంధువుల వరండాలో మొహమాటంతో గడిపే నెలలు, ముగ్గురు పట్టే గదిలో ఏడుగురు సర్దుకోవడం, తెల్లవారకముందే తొలి బస్సు, చీకటి పడ్డాక ఆఖరి బస్సు - దాని రూపాలు ఇవి. ఇవేవీ కుదరనప్పుడు చదువు ఆగిపోతుంది. ఆడపిల్లల విషయంలో ముందుగా జరిగేది ఇదే. "మంచి సంబంధం వచ్చింది, చేసేశాం" అని మనకు చెబుతారు. హాస్టలు దొరకలేదని ఎవరూ చెప్పరు.

సరిహద్దు తెలుగువారికి ఈ బాధ రెండింతలు. పావగడ పిల్ల తుమకూరుకో బెంగళూరుకో పోవాలి. పర్లాకిమిడి పిల్లవాడు బరంపురానికో భువనేశ్వరానికో, సిరోంచ పిల్లవాడు నాగపూరుకో పోవాలి. యానాం పిల్లలకు వృత్తివిద్యలో ప్రాంతీయ కోటా ఉన్నది. కాని వారి ప్రభుత్వం కొలువున్న పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. కోటా సీటునిస్తుంది, పడకనివ్వదు.

"ప్రభుత్వ వసతిగృహాలున్నవి కదా" అంటారు. ఉన్నవి. అయితే వాటి తలుపు తెరిచేది కుల ధ్రువపత్రం, స్థానికత. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగిన ఒక విద్యార్థికి పుట్టిన రాష్ట్రపు తెగ గుర్తింపు మహారాష్ట్రలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సరిహద్దు దాటితే భాష ఒక్కటే గాక హక్కు కూడా మారిపోతుందని మనలో ఎందరు తల్లిదండ్రులకు చెప్పినాము?

ఇక డబ్బు సంగతి. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనపు 2021 నాటి మార్గదర్శకాల ప్రకారం, హాస్టలులో ఉండి బి.ఏ. వంటి సాధారణ డిగ్రీ చదివేవారికి భత్యం ఏడాదికి 6,000 రూపాయలు. అంటే నెలకు 500! ఏ నగరంలో ఈ డబ్బుకు మంచం దొరుకుతుంది? ఇది చాలదన్నట్లు 2023లో బెంగళూరు అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ, పేయింగ్ గెస్ట్ వసతికి 12 శాతం జి.ఎస్.టి. వర్తిస్తుందని తేల్చినది. మరుసటి ఏడు జూన్ 22న జి.ఎస్.టి. మండలి సమావేశమై, కనీసం 90 రోజులు వరుసగా ఉండేవారికి నెలకు 20,000 రూపాయల లోపు వసతిపై పన్ను తీసివేయాలని నిర్ణయించినది. పన్ను పోయినది, మంచిదే. అద్దె పోలేదు.

ప్రభుత్వాలు అసలేమీ చేయలేదనను. హాస్టలు సీటు దొరకని వెనుకబడిన తరగతుల విద్యార్థులకు కర్ణాటక ప్రభుత్వం 'విద్యాసిరి' పథకం తెచ్చి, మొదట్లో నెలకు 1,500 చొప్పున పది నెలలు ఇచ్చినది. మహారాష్ట్రలో 2016-17 నుండి షెడ్యూల్డు కులాల, నవబౌద్ధ విద్యార్థులకు 'స్వాధార్' పథకం వచ్చినది. ముంబయి, పుణె వంటి నగరాలలో భోజన, వసతి ఖర్చులకు ఏడాదికి 60,000 అని అప్పుడు ప్రకటించినారు. ఈ ప్రకటనలు కన్నడంలో, మరాఠీలో వెలువడతాయి. తెలుగు మాస్టారికి వాటితో పనేమి అని మనం ఊరుకుంటే, ఆ కాగితం మన పిల్లల ఇంటికి చేర్చేదెవరు?

ఇప్పుడు మన సంఘాల పెద్దలను ఒక మాట అడుగుతాను. వారు కట్టించిన కల్యాణమండపాలలో వధువు వారికి గదులు, వరుని వారికి గదులు, వంటశాల, భోజనశాల అన్నీ ఉన్నవి. మూఢమిలో, ఆషాఢంలో, శూన్యమాసంలో అవి తాళాలతో ఉంటాయి. ఆషాఢమంటే కళాశాలలు తెరిచే కాలమే! అదే ఊరిలో మన పిల్లలు గది కోసం వీధులు తిరుగుతుంటారు. పెళ్ళివారికి మూడు రోజులు ఆశ్రయమిచ్చే తెలుగు సంఘం చదువుకొనే పిల్లకు మూడేళ్ళు ఎందుకివ్వలేదు?

ఇది మనకు తెలియని ధర్మం కాదు. వారాలు చేసుకొని చదువుకున్నవారు మన తాతల తరంలో ఎందరో. టంగుటూరి ప్రకాశం గారిని చదివించడానికి తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపినారు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలసినది. అయితే ఆనాటి వారాలు ఎక్కువగా కులపు గడప దాటలేదు. హాస్టళ్ళు సైతం పలుచోట్ల కులాలవారీగానే వెలసినవి. మనకిప్పుడు కావలసినది ఆ గడప లేని యిల్లు. తుమకూరు సిద్ధగంగ మఠం కులమత భేదం లేకుండా వేలమంది పిల్లలకు అన్నం, వసతి పెడుతున్నది. పావగడ పక్కనే ఇంతటి ఆదర్శం ఉన్నది.

"మీ పని తెలుగు చెప్పడం, హాస్టళ్ళ గొడవ మీకెందుకు?" అని కొందరు మిత్రులు అడుగవచ్చు. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం మాతృభాషా బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశ వరకే. ఆ పైన తెలుగు ప్రధానాంశంగా చదవాలంటే చెన్నైకో, బెంగళూరుకో, 1997లో ఏర్పడిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికో పోవాలి. పోవడానికి వసతి లేక ఇంటనే ఉండిపోయిన పిల్లయే రేపు మన బడికి రావలసిన తెలుగు పంతులమ్మ. అర్హులు లేరని పోస్టు ఖాళీగా ఉంచి, ఆ ఖాళీని చూపి తెలుగు విభాగాన్ని మూసివేసినప్పుడు ఎవరిని నిందిస్తాము?

కావలసినవి మూడే. ఒకటి, ప్రతి సంఘం తన భవనంలో నాలుగు గదులైనా విద్యార్థులకు, ముందుగా ఆడపిల్లలకు, కులం అడగకుండా కేటాయించాలి. కాపలా, పెద్దదిక్కు ఏర్పాటు చేయాలి. రెండు, బెంగళూరు వంటి చోట్ల యజమానులడిగే అడ్వాన్సు కోసం తిరిగి చెల్లించే నిధి ఒకటి నెలకొల్పాలి. మూడు, ప్రతి తెలుగు ఉపాధ్యాయుడు తన రాష్ట్రపు హాస్టలు ప్రకటనలను, గడువు తేదీలను తెలుగులో రాసి బడి గోడకు అంటించాలి. మూడవదానికి పైసా ఖర్చు లేదు.

తల్లిదండ్రులారా, వచ్చే ఉగాదికి సంఘంవారు చందా పుస్తకం పట్టుకొని మీ యింటికి వస్తారు. చందా ఇవ్వండి. ఇచ్చే ముందు, మా అమ్మాయికి గది ఎప్పుడిస్తారని అడగండి.