జీతమందని డిఫెన్స్

2022-23 ఇండియన్ సూపర్ లీగ్ సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 20 మ్యాచ్‌లాడి ప్రత్యర్థులకు ఇచ్చుకున్నది 16 గోల్స్. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు మ్యాచ్‌లు, ఆపైన అదనపు సమయం, వెరసి 210 నిమిషాలు తలపడి ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. చివరికి పెనాల్టీ షూటౌట్‌లో 3-4తో ఓడి ఇంటిదారి పట్టింది. తర్వాతి సీజన్‌లోనూ అదే పసుపు చొక్కా, అదే గచ్చిబౌలి మైదానం. 22 మ్యాచ్‌లలో 43 గోల్స్ పడ్డాయి. గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. ఆ మరుసటి ఏడాది 24 మ్యాచ్‌లలో 47. 2024 నవంబరులో సొంతగడ్డపై ఒడిశా ఎఫ్‌సీ చేతిలో 0-6తో చిత్తయినప్పుడు అయ్యో అన్నవాళ్లున్నారు గానీ ఆశ్చర్యపోయినవాళ్లు పెద్దగా లేరు.

దేశానికి ఛాంపియన్‌గా నిలిచిన జట్టు వెనకవరుస రెండేళ్లు తిరక్కుండానే ఇలా జల్లెడ ఎందుకైంది? ఆట ముగిశాక టీవీల్లో విశ్లేషణ చేసేవారి దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. మార్కింగ్ సరిగా లేదు, కుర్రాళ్లకు అనుభవం చాలదు, కోచ్ దగ్గర వ్యూహం లేదు. రీప్లేలో ఓ డిఫెండర్ చుట్టూ ఎర్ర గీత గీసి, ఇదిగో ఇతడే వదిలేశాడని చూపిస్తారు. ఆ గీతలో చిక్కేది ఎప్పుడూ ఆఖరి మనిషే. గోల్ పడటానికి ఆరు నెలల ముందు, మైదానానికి ఎంతో దూరంలో ఓ ఆఫీసు గదిలో తప్పు చేసినవాణ్ని చూపించే కెమెరా ఇంకా రాలేదు. వేలు చూపాల్సింది అటువైపే.

కుర్రాళ్లన్న వాదన ముందు తేల్చుకుందాం. 2020-21లో ఈ జట్టు ఎడమ పక్కన ఆడిన ఆకాశ్ మిశ్రాకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. కుడి పక్కన ఆశిష్ రాయ్‌ది ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వయసు. వాళ్ల నడుమ మణిపూర్‌కు చెందిన చింగ్లెన్‌సనా సింగ్, స్పెయిన్ నుంచి వచ్చిన ఓడెయ్ ఒనైందియా. ఆ ఏడాది 20 మ్యాచ్‌లలో పడ్డవి 19 గోల్స్. అంతకుముందు 2019-20 సీజన్‌లో అనుభవజ్ఞులున్న జట్టే 18 మ్యాచ్‌లలో 39 గోల్స్ ఇచ్చుకుని అట్టడుగున నిలిచింది. తప్పంతా వయసుదే అయితే ఈ లెక్క తిరగబడాలి. 2019లో క్లబ్బు పుట్టింది ఆగస్టు చివర్లో, తొలి మ్యాచ్ ఆడింది అక్టోబరు 25న. పుణె సిటీ జట్టు చోటులోకి వచ్చి, రెండు నెలల్లో చేతికందినవాళ్లను పోగేసి బరిలోకి దించారు. కోల్‌కతాలో ఏటీకే 5-0తో స్వాగతం పలికింది. ఆ ఏడాది ఏ గోల్ రీప్లే చూసినా ఇద్దరు డిఫెండర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే కనిపించేది.

డిఫెన్స్ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ముందువరుసలో ఆడేవాడికి ఒక్క క్షణం మెరిస్తే చాలు, తొంభై నిమిషాల్లో ఎనభై తొమ్మిది పాడుచేసుకున్నా వాణ్ని క్షమిస్తారు. వెనకవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. నలుగురూ ఒక గీతలా కదలాలి. ప్రత్యర్థి బంతిని వెనక్కి ఆడగానే నలుగురూ కలిసి నాలుగడుగులు ముందుకు రావాలి. ఒక్కడు మాత్రం రెండడుగుల దగ్గరే ఆగిపోతే ఆఫ్‌సైడ్ ఉచ్చు చెడి, ప్రత్యర్థి స్ట్రైకర్‌కు రాజమార్గం తెరుచుకుంటుంది. ఎడమ బ్యాక్ దాడికి వెళ్తే ఆ ఖాళీలోకి సెంటర్ బ్యాక్ జరగాలి, అతడు వదిలిన చోటికి మిడ్‌ఫీల్డర్ దిగాలి. క్రాస్ వచ్చేటప్పుడు బంతిని చూడాలా మనిషిని చూడాలా, గోల్‌కీపర్ వదలమని అరుస్తాడా కొట్టమని అరుస్తాడా, ఇవన్నీ అప్పటికప్పుడు ఆలోచించుకుని చేసేవి కావు. పక్కవాడు ఏం చేస్తాడో చూడకుండానే తెలిసి ఉండాలి. వ్యూహం ఎంత గొప్పదైనా బల్ల మీద గీసి చూపిస్తే ఆ తెలివిడి రాదు. వారాల తరబడి అవే ముఖాలతో ఆడితే అబ్బుతుంది.

మనోలో మార్కెజ్ కోచ్‌గా ఉన్న మూడేళ్లలో హైదరాబాద్‌కు దక్కింది సరిగ్గా అదే. గోవాలో పెరిగిన కట్టిమణి గోల్‌లో. ముందు సిక్కిం, మణిపూర్, స్పెయిన్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన ఆ నలుగురు. ఎవరి ఇంటి భాష వారిదే అయినా ఒకరి అడుగు ఒకరికి అర్థమైంది. వాళ్లకు ముందు బ్రెజిల్ ఆటగాడు జోవో విక్టర్ కాపలా. ఆకాశ్ మిశ్రా అంత ధైర్యంగా ప్రత్యర్థి పెనాల్టీ బాక్సు దాకా పరుగెత్తగలిగాడంటే వెనక ఖాళీని ఎవరో ఒకరు చూసుకుంటారన్న భరోసా ఉండబట్టే. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 దగ్గర ఆగి షూటౌట్‌కు వెళ్తే కట్టిమణి చేతులు కప్పు తెచ్చిపెట్టాయి. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన స్ట్రైకర్ ఒగ్బెచే పేరు అందరి నోళ్లలో నానింది. న్యాయమే. కానీ ఆ జట్టుకు అసలు ఆస్తి వెనకున్న అలవాటు.

ఆ అలవాటును ఓ పద్ధతి ప్రకారం చెరిపేశారు. 2022లో ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్లాడు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు, ఆయన దారినే ఓడెయ్ కూడా. ఆ సీజన్‌లో గోవా మూడో స్థానంలో నిలిచింది, అదీ గమనించదగ్గదే. ఆటగాళ్లు జట్లు మారడం ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో మామూలే, దాన్ని తప్పుపట్టేదేమీ లేదు. పోయినవాడి చోట మరొకణ్ని తెచ్చి, మిగిలినవాళ్లతో కలిపి నిలబెట్టే యాజమాన్యం ఉండాలి. ఇక్కడ మిగిలినవాళ్లకు జీతాలే రాలేదు. పాత ఆటగాళ్ల బకాయిలు తీర్చనందుకు కొత్తవారిని నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం పడింది. నెలల తరబడి వేతనాలు అందని ఆటగాళ్లు ఒప్పందాలు తెంచుకున్నారు. 2024 జనవరి వచ్చేసరికి చింగ్లెన్‌సనా బెంగళూరు బాట పట్టాడు. విదేశీయుల్లో దాదాపు అందరూ పెట్టే సర్దుకున్నారు. జోవో విక్టర్ ఉండిపోయాడు. అతడి చుట్టూ రిజర్వు జట్టు నుంచి వచ్చిన పిల్లలు.

నాలుగు నెలలుగా జీతం పడని ఉద్యోగి పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్లి ఏ పని ఎంత మనసుపెట్టి చేస్తాడో జీతగాళ్లైన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. డిఫెండర్ విషయంలో మరో చిక్కుంది. గాలిలో బంతికి తల అడ్డం పెట్టాలి, పరుగెత్తుకొచ్చే వాడి కాళ్లకింద పడాలి. గాయమైతే ఆసుపత్రి ఖర్చు ఎవరిస్తారు? వచ్చే నెల ఏ క్లబ్బుకు ఆడతానో తెలియనివాడు మోకాలిని పణంగా పెడతాడా? పెట్టకపోతే అది పిరికితనం అనేవాళ్లు ముందు వాడి బ్యాంకు పాసుపుస్తకం చూడాలి.

ఇక నిషేధం సంగతి. ఎగ్గొట్టింది యాజమాన్యం. శిక్ష ఎవరికి పడింది? కొత్త ఆటగాళ్లను తెచ్చుకోవద్దని క్లబ్బుకు చెప్పడమంటే, ఉన్న పిల్లలను ఎవరి తోడూ లేకుండా ముంబై, మోహన్ బగాన్ దాడుల ముందు నిలబెట్టడమే. గోరుచుట్టుపై రోకటిపోటు. యజమానుల జేబు నుంచి రూపాయి కదల్లేదు, పిల్లల ఆత్మవిశ్వాసం మాత్రం వారం వారం చితికింది. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో ఆ పిల్లలనే తిప్పి తిప్పి ఆడించాడు. ఆయన వ్యూహాల్లో లోపాలుంటే ఉండవచ్చు. ఆ పరిస్థితిలో వాటిని వేరు చేసి చూడటం ఎవరి తరమూ కాదు.

డబ్బు వస్తే అంతా చక్కబడేదే కదా అనేవారి కోసం 2024-25 సీజన్ ఉంది. బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును చేతిలోకి తీసుకుంది. బ్రెజిల్ ఆటగాడు ఆండ్రెయ్ ఆల్బా వంటివారు వచ్చారు. కోల్‌కతాలో మొహమ్మదన్‌ను 4-0తో కొట్టారు, కొచ్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించారు. అంతకుముందు సీజనంతా కలిపి 10 గోల్స్ కొట్టిన జట్టు ఈసారి 22 కొట్టింది. రెట్టింపు దాటింది. మరి ఇచ్చుకున్నవి? మ్యాచ్‌కు సగటు తీస్తే 2023-24లో 1.95, 2024-25లో 1.96. డబ్బు పెట్టాక ముందువరుస మారింది, వెనకవరుస వీసమెత్తు కదల్లేదు. సీజన్ గుమ్మంలోకి వచ్చాక కూర్చిన జట్టు అది. మిగతా క్లబ్బులు నెలల ముందే శిబిరాలు పెట్టుకుని సాధన చేస్తుంటే ఇక్కడ ఎవరు ఉంటారో ఎవరు పోతారో తేలనే లేదు. గోల్స్ కొట్టేవాణ్ని సెప్టెంబరులో కొనుక్కోవచ్చు. నలుగురి మధ్య పొందికను ఆ నెలలో ఏ దుకాణమూ అమ్మదు. 2019లో ఓసారి రుజువైన సంగతే ఇది. డిసెంబరులో సింగ్టోను తీసేసి షమీల్ చెంబకత్‌కు పగ్గాలిచ్చారు. అయినా క్లబ్బు 13 జట్లలో 12వ స్థానం దాటలేదు.

ఈ ఊరికి ఫుట్‌బాల్ తెలియదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం పట్టుకొచ్చింది. రహీం మేధ గురించి చాలామంది రాశారు. ఆ పోలీసు జట్టు గురించి తక్కువగా చెప్పుకునే మాట ఒకటుంది. వాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. నెల తిరిగితే జీతం వచ్చేది. ఏడాదేడాదికి చెల్లాచెదురు కావాల్సిన అగత్యం లేదు, కాబట్టి రహీం పాఠాలు మళ్లీ మొదటి అక్షరం నుంచి చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. డెబ్బై ఏళ్ల కింద ఓ ప్రభుత్వ శాఖ ఇవ్వగలిగిన నిశ్చింతను కార్పొరేట్ హంగులున్న లీగ్ ఇవ్వలేకపోయింది.

తిలాపాపం తలా పిడికెడు. మొదటి పిడికెడు పాత యాజమాన్యానిది. కప్పుతో ఫొటోలు దిగిన చేతులు ఆ కప్పు తెచ్చినవాళ్ల చెక్కులు రాయలేకపోయాయి. రెండోది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యది. క్లబ్బులకు లైసెన్సులిచ్చే నిబంధనల్లో జీతాల బకాయిలు ఉండకూడదన్న షరతు ఉంది. బకాయిలు పేరుకుంటున్న క్లబ్బు ఆడుతూనే ఉంటే ఆ షరతు ఎవరిని అడ్డుకోవడానికి రాసినట్టు? మూడోది లీగ్ నిర్వాహకులది. అట్టడుగున పడినా కింది లీగ్‌కు దిగే భయం లేని పోటీని వాళ్లు నడిపారు. కిందికి పడిపోతామన్న భయం ఉంటే ఏ యజమానీ జట్టును అలా గాలికొదిలేయడు. ఒక్క గెలుపుతో, 8 పాయింట్లతో సీజన్ ముగించిన క్లబ్బు మరుసటి ఏడాది అదే లీగ్‌లో, ఏమీ జరగనట్టు, మళ్లీ కనిపించింది.

రాష్ట్ర ప్రభుత్వాల వాటా చిన్నదే అయినా లేకపోలేదు. గచ్చిబౌలి స్టేడియం ప్రజల సొమ్ముతో కట్టింది. దాన్ని వాడుకునే ప్రైవేటు జట్టు తన కూలీలకు కూలి ఇస్తోందో లేదో అడిగే హక్కు ఆస్తి యజమానికి ఉంటుంది. ఎవరూ అడిగిన దాఖలా లేదు.

2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె స్థానంలో వచ్చినది ఆరేళ్లకు ఢిల్లీ పోయింది. మన నగరానికి శ్రీనిధి దక్కన్ ఉంది, ఐ-లీగ్‌లో రెండుసార్లు రన్నరప్‌గా నిలిచిన జట్టు. ఎప్పుడో ఒకప్పుడు మరో పెట్టుబడిదారు పెద్ద లీగ్ జట్టుతో గచ్చిబౌలి గేటు తట్టకపోడు. అప్పుడు స్టార్ స్ట్రైకర్ ఎవరని అడగడానికి చాలామంది ఉంటారు. క్రీడాశాఖ అడగాల్సినవి వేరే. ఏడాది జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ చూపిస్తారా? నెల దాటితే ఆ గ్యారంటీ నుంచి ఆటగాళ్లకు నేరుగా చెల్లించే అధికారం సమాఖ్యకు ఇస్తారా? డిఫెండర్లతో కనీసం మూడేళ్ల ఒప్పందాలు రాసుకుంటారా? ఈ మూడింటికీ కాగితం మీద సంతకం పెట్టేదాకా స్టేడియం తాళాలు ఇవ్వకూడదు.