ఫోటోలో నేనూ ఉన్నాను

పొద్దున దోసెలు పోస్తుంటే ఫోన్ మోగింది. చూస్తే చలానా. స్కూటర్ నా పేరు మీద ఉంది కాబట్టి మెసేజీ కూడా నాకే వచ్చింది. "ఎక్కడ దాటారండీ సిగ్నలు?" అని మావారి మీద విసుక్కుంటూనే చలానా తెరిచాను. ఎర్ర లైటు, తెల్లగీత దాటేసిన మా స్కూటర్, వెనక సీట్లో ఒళ్ళో చేపల సంచీ పెట్టుకుని నేను!

అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం మైపాడు వెళ్ళి, వంజరం కొనుక్కుని నెల్లూరు తిరిగొస్తున్నాం. పసుపు లైటు పడగానే మావారు వేగం తగ్గించారు. "పోనీండి, ఎవరూ రావట్లేదు కదా, చేపలు మెత్తబడతాయి" అన్నది నేనే. గీత దగ్గరికి చేరేసరికి ఎరుపు పడింది. అయినా పోనిచ్చాం.

ఇక ఇంట్లో పంచాయితీ మొదలైంది. "ఆడ కెమెరా ఉందని ఎవరికి తెలుసు?" అని మావారు. "మన డబ్బులు గుంజడానికే పెట్టారమ్మా అవి" అని అత్తయ్య. "ఈసారి పక్క వీధిలోంచి పో నాన్నా, ఆడ కెమెరా లేదు" అని ఇంటర్ చదివే మావాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా "ఎర్ర లైటు పడితే ఆగాలి కదా" అనలేదు. నిజం చెప్పాలంటే, నాలుగోదాన్ని నేనూ అనలేదు. నా గొడవంతా దాని మీదే.

అసలు ఆ కెమెరా చేసేదేమిటో చూడండి. దాన్ని సిగ్నలుతో కలిపి ఉంచుతారు. లైటు ఎర్రగా ఉన్నంతసేపూ అది తెల్లగీతను కాపలా కాస్తుంది. కొన్నిచోట్ల రోడ్డు కింద పరిచిన తీగచుట్టల వల్ల, కొన్నిచోట్ల వీడియోను బట్టి, బండి గీత దాటిందని దానికి తెలుస్తుంది. గీతకు ముందు ఒక ఫోటో, దాటాక ఇంకొకటి తీస్తుంది. నంబరు ప్లేటు చదివి, రిజిస్ట్రేషన్ వివరాల్లో యజమాని ఎవరో వెతుకుతారు. అందుకే బండి తోలింది ఎవరైనా, మెసేజీ మాత్రం బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళకి వస్తుంది.

ఇలాంటి కెమెరాలకు దారి వేసినవాడు మారిస్ గాట్సొనైడ్స్ అనే డచ్చాయన. కారు పందేల మనిషి, 1953లో మోంటె కార్లో ర్యాలీ గెలిచాడు. తాను ఇంకా వేగంగా తోలడం కోసం వేగం కొలిచే పరికరం చేసుకుంటే, చివరికి అది పోలీసుల చేతికి వెళ్ళింది!

"డబ్బుల కోసమే" అనే అత్తయ్య మాటను నేను కొట్టిపారేయను. అందుకే రూల్సు కూడా తెలుసుకోవాలి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ఈ కెమెరాలకు చోటిచ్చింది. 2021 ఆగస్టులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అందులోని 132 నగరాల పట్టికలో మన నెల్లూరు కూడా ఉంది. వాటి ప్రకారం కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి. తప్పు, నంబరు ప్లేటు రెండూ కనబడే ఫోటో చూపించాలి. బోర్డు లేకపోయినా, ఇంకెవరి నంబరో మన నంబరుగా చదివినా గట్టిగా అడగండి. అది మన హక్కు. కానీ ఫోటోలో మనమే ఉన్నప్పుడు ఎవరితో పోట్లాడతాం?

కెమెరా లేని సెంటర్లో ఎర్ర లైటు ఎర్ర లైటు కాకుండా పోతుందా? మనకు ఎరుపు పడిందంటే అడ్డంగా వచ్చేవాళ్ళకు పచ్చ పడిందని అర్థం. వీఆర్సీ సెంటర్లోనో, ఆత్మకూరు బస్టాండు దగ్గరో ఆ పచ్చ లైటును నమ్మి వచ్చే బండి మీద కూడా నాలాంటిదే ఒకతి చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండొచ్చు. అడ్డంగా తగిలితే ముందు నలిగేది చీరకట్టుతో ఒకవైపుకి తిరిగి కూర్చున్న మన కాళ్ళే. వెనక కూర్చున్నవాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరని చట్టం చెబుతోంది. జడ నలుగుతుందని మనం పెట్టుకోం. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో దగ్గర దగ్గర సగం మంది టూవీలర్ల మీద పోయినవాళ్ళే.

మనం బండి తోలకపోవచ్చు, కానీ వెనక నుంచి తోలిస్తాం. "బడి గంట కొట్టేస్తారు", "ముహూర్తం దాటిపోతోంది", "బస్సు వెళ్ళిపోతుంది" అంటూనే ఉంటాం. పది నిమిషాలు ముందు బయల్దేరడం మన చేతిలో పని. ఆ పని మానేసి, పోయిన పది నిమిషాలను సిగ్నలు దగ్గర రాబట్టుకోవాలని చూస్తాం. పసుపు అంటే "త్వరగా పో" అని కాదు, "ఆగడానికి సిద్ధపడు" అని. కెమెరా కనబడగానే ఠక్కున బ్రేకు వేస్తే వెనకవాడు వచ్చి గుద్దుతాడు. కాబట్టి సెంటర్ దగ్గర పడుతుంటేనే నెమ్మదించాలి. గీత వెనకే ఆగాలి. వెనక నుంచి ఎవరు హారన్ కొట్టినా కదలకూడదు.

ఇక మావాడి మాట. పక్క వీధి కనిపెట్టినవాడు రేపు నంబరు ప్లేటు వంచడం కూడా నేర్చుకుంటాడు. వాడికది నేర్పింది వీధిలో కుర్రాళ్ళు కాదు, మేమే. వాడికింకా పదిహేడు. స్కూటర్ తాళం ఇమ్మని రోజూ ప్రాణం తీస్తున్నాడు. మైనరు బండి తోలి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. బండి నా పేరు మీదే ఉంది మరి! అయినా తాళం ఇవ్వనిది జైలుకు భయపడి కాదని వాడికి చెప్పాను. ఎవరూ చూడనప్పుడు కూడా ఆగేవాడివని నమ్మకం కుదిరాక ఇస్తానన్నాను. "మీరు ఆగారా?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

ఆ వంజరం ఏమైందంటారా? మన చేపల పులుసు మర్నాటికే కదా రుచి! సగం అట్టిపెట్టుకుని సోమవారం తిన్నాం. రాత్రంతా కుండలో ఆగిన చేపను సిగ్నలు దగ్గర ఒక్క నిమిషం ఆగనివ్వలేకపోయాను.

చలానా పోపులడబ్బాలో దాచుకున్న డబ్బులతోనే కట్టాను. "పోనీండి" అన్నది నేనే కదా.