మట్టి మీద నేర్చుకోవడానికి ఓ చోటు

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

కురుపాం మార్కెట్ సందుల్లో బండి నడిపినవాడు ఎక్కడైనా నడుపుతాడని మా వన్ టౌన్ ధీమా. మట్టిదారిలో ఆ ధీమా చెల్లదు. తారు మీద ప్రాణం కాపాడే ముందు బ్రేకే, ఇసుకలో హ్యాండిల్ తిరిగి ఉండగా నొక్కితే మనిషిని పడేస్తుంది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంకును ఒడిసిపట్టి, చూపు దూరంగా నిలిపి మొదటి గేరులో మెల్లగా పోవడం ఒకరు దగ్గరుండి నేర్పాలి. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పిస్తారే గానీ ఇది అడగరు. మట్టిదారికి పనికొచ్చే బళ్లు 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాయి. నేర్చుకునే చోటే రాలేదు.

చోటు లేకపోతే బండివాళ్ల కళ్లు ఎర్రమట్టి దిబ్బల మీద పడతాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కిన ఆ వదులు మట్టిలో చక్రపు గాడి పడితే, వానకు కాలువై కోసుకుపోతుంది. దిబ్బలకు కాపలాతో పాటు ప్రత్యామ్నాయమూ కావాలి: ఇళ్లకు దూరంగా, ఇప్పటికే చదునైన ఖాళీ ప్రభుత్వ స్థలం. డబ్బున్న కుర్రాళ్ల సరదాకు సర్కారు భూమా అంటారు. సరదానే, కాదనను, రుసుము పెట్టండి. పందేలకు దారితీస్తుందన్న భయానికి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ఉంది: రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేనిదే బహిరంగ స్థలంలో పందెం నేరం. అడుగుతున్నది నడక వేగంతో సాగే పాఠం. మోత గురించిన అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. పగటిపూటే తెరవండి, సైలెన్సర్ మార్చిన బండినీ, లైసెన్సు, హెల్మెట్ లేనివాళ్లనూ గేటు దగ్గరే ఆపేయండి.

ఇట్లు,
వన్ టౌన్ పౌరుడు